నీళ్లలో కనబడిన రక్తము

చదువవలసిన భాగములు: 2 రాజులు 3:9–24, యిర్మీయా 32:6–15

మోయాబు రాజైన మేషా మీదికి ముగ్గురు రాజులు కూడి వెళ్లిన వృత్తాంతము 2 రాజుల గ్రంథము మూడవ అధ్యాయమున కలదు. ఇశ్రాయేలు రాజగు యెహోరాము, యూదా రాజగు యెహోషాపాతు, ఎదోము రాజు ఏడు దినములు అరణ్యమార్గమున నడచి, నీళ్లు లేక నశించు స్థితికి వచ్చిరి. ఎలీషా మాట చొప్పున లోయయందు గోతులు త్రవ్వబడెను. గాలిగాని వర్షముగాని కనబడకయే మరునాటి ఉదయము ఎదోము దిక్కునుండి నీళ్లు పారివచ్చి ఆ గోతులను నింపెను.

సరిహద్దున కాపున్న మోయాబీయులు వేకువనే లేచి అటు చూచిరి. అప్పుడే ఉదయించిన సూర్యుని కాంతి ఆ నీళ్లమీద పడుచుండెను. వారికి రక్తము కనబడెను. రాజులు తమలో తాము కలహించి ఒకరినొకరు చంపుకొనిరని నిశ్చయించుకొని, వారు దోపుడుసొమ్ము కొరకు పరుగెత్తిరి. శిబిరము చేరునప్పటికి వారి ఎదుట ఆయుధములు ధరించిన సైన్యము లేచి నిలిచెను.

వారి కన్నులకు రోగమేమియు లేదు. ఎదోమను మాటకే ఎరుపని అర్థము. ఆ దిక్కు నేలలును ఎఱ్ఱనివే. వాటిమీదుగా వచ్చిన నీళ్లపై ఉదయకాంతి పడినప్పుడు ఎరుపు కనబడుట వాస్తవమే. అది రక్తమను తీర్పు మాత్రము వారి మనస్సునుండి వచ్చెను. దానికి కారణమును 2 దినవృత్తాంతముల గ్రంథము ఇరువదియవ అధ్యాయమున వెదకవచ్చును. అంతకుముందు మోయాబీయులు అమ్మోనీయులతోను శేయీరు మన్యవాసులతోను కూడి యెహోషాపాతు మీదికి దండెత్తి, మార్గమధ్యముననే ఒకరినొకరు హతము చేసికొనియుండిరి. కూటమి కట్టిన సైన్యముల గతి ఏమగునో మోయాబు ఇండ్లలో అనుభవమువలన ఎరిగినవారు ఉండియుందురు. ఆ జ్ఞాపకమునకు దోపుడు మీది ఆశ తోడయ్యెను. ఇక ఎఱ్ఱని నీళ్లు రక్తమగుటకు ఎంతసేపు పట్టును?

ఇందుకు తారుమారైన సంగతి ఒకటి న్యాయాధిపతుల గ్రంథము తొమ్మిదవ అధ్యాయమున ఉన్నది. షెకెము పట్టణద్వారమున నిలిచిన గాలు, కొండలమీదనుండి మనుష్యులు దిగివచ్చుట చూచి చెప్పెను. జెబులు అతని మాట త్రోసివేసి, అవి కొండల నీడలేగాని మనుష్యులు కారనెను. గాలు కన్నులు సరిగానే చూచినవి. అబీమెలెకు సైన్యము నిజముగానే దిగివచ్చుచుండెను. లేనిదానిని ఉన్నదనుకొని మోయాబీయులు చెడిరి. ఉన్నదానిని నీడయని నమ్మించు నేర్పు జెబులునకు ఉండెను. పరిశుద్ధ గ్రంథము ఈ రెండు ప్రమాదములను ఎరుగును గనుక, దృశ్యములను స్వరములను గూర్చి తలయూపి నమ్ముటయు, నవ్వి కొట్టివేయుటయు రెండును దానికి సరిపడవు.

ముఖములను వెదకు కన్ను

మనుష్యుని కన్ను ముఖముల కొరకు ఆకలిగొన్నది. కొన్ని గంటల క్రితము పుట్టిన శిశువు సయితము, కన్నులు నోరు అమరినట్లున్న బొమ్మవైపు చూపు త్రిప్పును. తల్లి ముఖమును పోల్చుకొనలేని బిడ్డకు బ్రతుకు కష్టము గనుక ఈ ఆతురత సృష్టికర్త దయచేసిన వరమే. మెదడు అడుగుభాగమున ముఖములను చూచినప్పుడు విశేషముగా పనిచేయు తావు ఒకటి కలదని 1997లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 2014లో కెనడా, చైనా దేశముల శాస్త్రజ్ఞులు వెలువరించిన పరిశోధన మరింత చిత్రమైనది. చుక్కలు గజిబిజిగా చల్లిన పటములను చూపి, వీటిలో సగమువాటియందు ముఖములున్నవని ముందుగా చెప్పిరి. ఏ ముఖమును లేని పటములలో సయితము ఇంచుమించు మూడింట ఒకవంతు పర్యాయములు చూచువారు ముఖము కనబడెననిరి.

లేని రూపము ఉన్నట్లు తోచుటకు విద్వాంసులు పారెయిడోలియా అని పేరిడిరి. ఇందులోని ఐదోలోన్ అను గ్రీకు పదమునకు రూపము, ప్రతిమ అని అర్థము. యోహాను తన మొదటి పత్రిక చివరి మాటలో విగ్రహములనుగూర్చి హెచ్చరించుచు వాడిన పదమును ఇదియే.

1976 జూలై 25వ తేదీన వైకింగ్ 1 అను అంతరిక్ష నౌక అంగారక గ్రహముపైనుండి పంపిన ఛాయాచిత్రమున, ఆకాశమువైపు చూచుచున్న పెద్ద మానవముఖమువంటి కొండ కనబడెను. వెలుగు వాలుగా పడుటచేత నీడలు ముఖమువలె తోచుచున్నవని నాసా సంస్థ ఆ చిత్రముతోనే తెలిపెను. అయినను ఆ ముఖమును చెక్కిన నాగరికతనుగూర్చి గ్రంథములు వెలువడెను. 1998లోను 2001లోను మార్స్ గ్లోబల్ సర్వేయర్ అను నౌక అదే కొండను మరింత స్పష్టముగా చిత్రించినప్పుడు, గాలికి అరిగిన మామూలు మిట్ట తప్ప వేరేమియు లేకపోయెను. ముక్కుపుటమనుకొన్న చుక్క, చిత్రము భూమికి చేరునప్పుడు సమాచారము జారిపోయిన చోటు.

1996 డిసెంబరులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున, క్లియర్‌వాటర్ పట్టణమందలి ఒక కార్యాలయ భవనపు అద్దములపై రంగుల మరకలు ముసుగు వేసికొని తలవంచిన స్త్రీవలె కనబడెను. మరియమ్మ రూపమని జనులు లక్షలాదిగా వచ్చిరి. మొక్కలకు చల్లిన నీళ్లలోని లవణములు అద్దముపై పేరుకొనుటయే కారణమని నిపుణులు చెప్పినను రాక తగ్గలేదు. 2004లో ఒక యువకుడు పై అద్దములను పగులగొట్టెను. అచ్చట ప్రార్థించినవారిలో రోగులును, బిడ్డలను పోగొట్టుకొన్నవారును ఉండిరి. వారి ప్రార్థనలు అద్దమువంటివి కావు గనుక, ఆ పగులుటను చూచి సంతోషించుట క్రైస్తవునికి తగదు.

హోరేబు యొద్ద ప్రజలు స్వరము వినిరిగాని రూపమేదియు చూడలేదని మోషే ద్వితీయోపదేశకాండము నాలుగవ అధ్యాయమున జ్ఞాపకము చేయుచున్నాడు. దీనినిబట్టి ప్రొటెస్టంటు విశ్వాసి తాను ఇట్టి పొరపాటునకు అతీతుడనని అనుకొనుట సులభము. గోడమీది మరకలో అతడు ముఖమును వెదకడు, నిజమే. కాని నూతన సంవత్సరారాధనలో తీసికొనిన వాగ్దానపు కార్డులో తన ఉద్యోగపు బదిలీని, కుమార్తె వివాహమును చదువుకొనుట అతనికి అలవాటే. కార్డుమీది వచనము సత్యము. దానిలో బదిలీని చూచినది మోయాబీయుల కన్నే.

చెవి సంగతి

1980వ దశకమున అమెరికా సంఘములలో ఒక కలవరము పుట్టెను. రాక్ సంగీతపు రికార్డులను వెనుకకు త్రిప్పి వినినయెడల సాతానును స్తుతించు మాటలు వినబడునని బోధకులు చెప్పిరి. 1982లో కాలిఫోర్నియా శాసనసభ సంఘమొకదాని ఎదుట అట్టి పాట వినిపింపబడెను. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయపు మనశ్శాస్త్రజ్ఞులు వోకీ, రీడ్ అనువారు 23వ కీర్తనను చదివించి, టేపును వెనుకకు త్రిప్పిరి. ఊరక వినినవారికి అర్థములేని ధ్వనులే వినబడెను. ఫలాని చోట ఫలాని మాట ఉన్నదని ముందుగా చెప్పగా, పెక్కుమందికి ఆ మాటయే వినబడెను. 1985లో ఈ పరిశోధన ప్రకటింపబడెను. దావీదు కీర్తనలో సయితము లేనిపోని మాటలు వినబడినప్పుడు, దోషము వినువారి చెవిలో వెదకవలసియున్నది.

దీనికంటె లోతైన సంగతి మరియొకటి కలదు. 1959లో స్వీడను దేశమున ఫ్రెడ్రిక్ యుర్గెన్సన్ అను కళాకారుడు పక్షుల కూతలను టేపుమీద పట్టుచుండగా, వాటి నడుమ మనుష్య స్వరములు వినబడినట్లు తోచెను. తరువాత మృతురాలైన తన తల్లి తన్ను ముద్దుపేరు పెట్టి పిలిచెనని అతడు చెప్పెను. లాత్వియా దేశస్థుడైన కాన్‌స్టాంటిన్ రౌడివ్ అను పండితుడు అతనిని అనుసరించి, రేడియో గరగరలలో వేలకొలది స్వరములను గుర్తించి 1968లో జర్మను భాషలో గ్రంథము ప్రచురించెను. ఆ స్వరములు ఒకే వాక్యములో నాలుగైదు భాషలు కలిపి పలికెననెను. అవి రౌడివ్‌కు తెలిసిన భాషలే. డేవిడ్ ఎల్లిస్ అను పరిశోధకుడు 1970 మొదలు రెండేండ్లు ఈ టేపులను పరీక్షించి, వినువాని మనస్సు మందధ్వనులకు మాటలు కల్పించుటయే దీనికి చాలిన కారణమని తేల్చెను. మృతుల యొద్ద విచారణ చేయువారినిగూర్చి యెషయా ఎనిమిదవ అధ్యాయమున చెప్పునప్పుడు వాడిన హెబ్రీ మాట పక్షుల కిచకిచలకు వాడు మాటయే యగుట గమనింపదగినది.

యుర్గెన్సన్‌ను వెఱ్ఱివాడనుట సులభము. తల్లి పిలుపు వినగోరని కుమారుడెవడు?

విధవరాలి ఇల్లు

వేల్సు దేశములో డ్యూయీ రీస్ అను వైద్యుడు భర్తనుగాని భార్యనుగాని పోగొట్టుకొన్న 293 మందిని ప్రశ్నించి 1971లో ఫలితములను ప్రకటించెను. ఇంచుమించు సగముమంది, గతించినవారు దగ్గర ఉన్నట్లు తమకు తోచెనని చెప్పిరి. కొందరు చూచిరి, కొందరు స్వరము వినిరి. వారిలో అధికులు ఆ సంగతి అంతవరకు ఎవరికిని చెప్పియుండలేదు. వారిని పిచ్చివారనుటకు రీస్ ఆధారము చూడలేదు. పెక్కుమందికి అది ఓదార్పుగానే ఉండెను.

ముప్పది ఏండ్లు ప్రతి సాయంకాలము ఒకే వేళకు వరండాలో చెప్పులు విడిచిన చప్పుడు వినిన చెవి, భూస్థాపన జరిగిన వారమునకు ఆ వేళకు ఆ చప్పుడు విననేరదా? అట్టి సహోదరి సంఘములో ఉన్నయెడల ఆమె మౌనముగా ఉండుటకు తగిన కారణమున్నది. చెప్పిన వెంటనే ఒకరు దయ్యమని ఉపవాస ప్రార్థన ఏర్పాటు చేయుదురు. మరియొకరు అయ్యగారు పరలోకమునుండి వర్తమానము పంపిరందురు. ఈ రెండింటిలో రెండవదియే ఎక్కువ హాని చేయును, ఏలయనగా వర్తమానము కావలెనని కోరువారికి వర్తమానములు తెచ్చువారు దొరకుదురు. ఏన్దోరులో జరిగినదానినిగూర్చి వ్యాఖ్యాతలు ఏకీభవింపలేదు. అయితే ఒక్క సంగతి స్పష్టము: రూపమును చూచినది ఆ స్త్రీ, దుప్పటి కప్పుకొన్న ముసలివాడని ఆమె వర్ణింపగా సౌలు సమూయేలని గ్రహించెను. ఆ రాత్రి అతనికి కావలసినది సమూయేలే. ఆ సహోదరికి కావలసినవారు సాయంకాలమున ఆమె ప్రక్కను కూర్చుండి, గతించినవానినిగూర్చి ఆమె చెప్పు మాటలు వినువారు.

యిర్మీయా ఎదురుచూచుట

దేవుడు మాటలాడడని ఇంతమాత్రమున తేలదు. యోహాను పన్నెండవ అధ్యాయమున ఆకాశమునుండి శబ్దము వచ్చినప్పుడు, అక్కడ నిలిచినవారిలో కొందరు ఉరిమెననిరి. అది ఉరుము కాదు. బాలుడైన సమూయేలు మూడుసార్లు స్వరము విని ఏలీ పిలిచెననుకొనెను. దానిని గుర్తెరుగుటకు ఒక వృద్ధుని సహాయము కావలసివచ్చెను. ఆ స్వరము తెచ్చిన వార్త ఆ వృద్ధుని ఇంటికే కీడుగా ఉండెను గనుక బాలుడు చెప్పుటకు భయపడెను. యుర్గెన్సన్ చెవికి చేరినది అతడు వినగోరినది. సమూయేలు చెవికి చేరినది అతడు చెప్పగోరనిది.

బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియుండగా యిర్మీయా రాజు ఇంటి చెరసాలలో ఉండెను. తన పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి అనాతోతులోని పొలము కొనుమని అడుగునని అతనికి వాక్కు కలిగెను. ఎన్నో ఏండ్లు ప్రవచించినవాడైనను అతడు వెంటనే ఎవరికిని ప్రకటింపలేదు, వెండి తూచలేదు. హనమేలు చెరసాల ప్రాంగణమునకు వచ్చి ఆ మాటయే అడిగెను. అది యెహోవా వాక్కని అప్పుడు తెలిసికొంటినని యిర్మీయా తానే వ్రాసియున్నాడు.

పొలము శత్రువుల చేతిలో నున్నది. అతడు పదునేడు తులముల వెండి తూచి ఇచ్చి, క్రయపత్రము వ్రాయించి, ముద్రవేసి, సాక్షులను పిలిపించి, అది బహుదినములు నిలుచునట్లు మంటికుండలో ఉంచుమని బారూకునకు అప్పగించెను.