అద్దె ఇంటి విద్యుద్వ్యయం: ముందుగా కట్టవలసిన లెక్క

జమ, ఖర్చు, కిస్తు, రసీదు – ఈ మాటలన్నీ ఉర్దూ ద్వారా తెలుగువారి ఇళ్లలోకి వచ్చి స్థిరపడినవే. గృహస్థ జీవితానికి లెక్క ఎంత అవసరమో ఈ మాటలే చెబుతాయి. అయినను అద్దె ఇల్లు వెదికేవారు అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, నీటి వసతి ఎట్లున్నది అని అడుగుతారే గాని, కరెంటు మీటరు సంగతి అడగరు. వంట, స్నానపు నీరు, చల్లదనం – సమస్తమూ విద్యుత్తుతోనే నడిచే ఇంటిలో ఈ ఉపేక్ష చాలా బరువవుతుంది. ఎండలు మెండుగా కాసే పామూరు వంటి మెట్ట ప్రాంతంలో మరీ బరువు. కావున ఇంటిలో దిగకమునుపే బిల్లును అంచనా కట్టే పద్ధతిని విద్యార్థులు నేర్చుకొనడం మంచిది.

1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తు ఒక యూనిట్. వాట్లను గంటలతో హెచ్చించి 1000 చేత భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఒక చిన్న కుటుంబానికి 30 దినముల నెల లెక్క ఇట్లు వేయవచ్చును:

9 వాట్ల దీపాలు 5, దినానికి 5 గంటలు – 6.75 యూనిట్లు.
65 వాట్ల టి.వి., 5 గంటలు – 9.75.
75 వాట్ల ఫ్యాన్లు 3, 10 గంటలు – 67.5.
1500 వాట్ల ఇండక్షన్ పొయ్యి, గంటన్నర – 67.5.
900 వాట్ల నీటి మోటారు, అరగంట – 13.5.
రెండు బకెట్ల వేడినీళ్లు – 30.
ఫ్రిజ్ – 30.
మొత్తం – 225 యూనిట్లు.

ఇందులో రెండు అంశాలకు వివరణ అవసరం. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు అర యూనిట్ పడుతుంది. హీటరు చిన్నదైనా పెద్దదైనా ఈ లెక్క దాదాపు మారదు, పట్టే కాలం మాత్రమే మారుతుంది. ఇక ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది గనుక దాని వాట్లను 24 గంటలతో హెచ్చించరాదు. దానిపై అంటించిన నక్షత్రాల చీటీలో ఏడాది వినియోగం ఉంటుంది. 360 యూనిట్లని ఉంటే నెలకు 30.

ఇప్పుడు ధర చూద్దాము. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ధరల పట్టికను ప్రకటిస్తుంది. 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన గృహ వినియోగ పట్టికను ఉదాహరణగా గ్రహిద్దాము: మొదటి 30 యూనిట్లకు రూ. 1.90 చొప్పున, 75 వరకు రూ. 3.00, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6.00, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. మన 225 యూనిట్లకు 57 + 135 + 225 + 600, వెరసి రూ. 1017. దీనిపై స్థిర ఛార్జీ, వినియోగదారుల ఛార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు వేరుగా చేరుతాయి.

వేసవిలో 150 వాట్ల కూలర్ దినానికి 10 గంటలు నడిస్తే అదనంగా 45 యూనిట్లు. ఇవన్నీ రూ. 8.75 శ్లాబులో పడి రూ. 393.75 అవుతాయి. వాడకం పెరిగినది 20 శాతమే. ఖర్చు పెరిగినది సుమారు 39 శాతం! అదే ఇంటిలో 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు మూడు బిగిస్తే నెలకు 40.5 యూనిట్లు తగ్గి, కూలర్ భారం చాలావరకు తీరుతుంది. ఇల్లు మారినప్పుడు వాటిని వెంట తీసుకొనిపోవచ్చును కూడ.

అద్దెదారులు మరింత జాగ్రత్తగా గ్రహించవలసినది మరొకటి ఉన్నది. యజమానికి, అద్దెదారుకు మీటరు ఒక్కటే అయితే ఏమగును? యజమాని వాడకం 125 యూనిట్లు, అద్దెదారుది 225 అనుకొందాము. వేర్వేరు మీటర్లుంటే రూ. 417, రూ. 1017, కలిపి రూ. 1434. ఒకే మీటరుపై 350 యూనిట్లకు రూ. 2110.75. ఒక్క యూనిట్ అయినా అధికంగా వాడకుండానే రూ. 676.75 అదనపు భారం! యూనిట్ల ప్రకారం న్యాయంగా పంచుకొన్నను అద్దెదారుకు సుమారు రూ. 1357, యజమానికి రూ. 754 పడుతుంది. ఇరువురూ నష్టపోతారు, ఎదుటివాడే ఎక్కువ వాడుచున్నాడని ఇరువురూ అనుమానిస్తారు. సబ్‌మీటరు వాడకాన్ని విడదీస్తుందే గాని శ్లాబును విడదీయదు. విడి సర్వీసు, విడి మీటరు ఉన్నప్పుడే ఈ నష్టం తొలగుతుంది.

అంచనాను సరిచూచుకొనే మార్గమూ ఉన్నది. మీటరుపై మినుకుమనే చిన్న ఎర్రదీపం ఒక యూనిట్‌కు ఎన్నిమార్లు వెలుగునో అక్కడే ముద్రించి ఉంటుంది. 3200 అని ఉంటే, తక్కినవన్నీ ఆపి 1500 వాట్ల పొయ్యిని మాత్రమే పూర్తి వేడిమీద నడిపినప్పుడు నిమిషానికి 80 మార్లు వెలగాలి. అంతకన్న చాలా ఎక్కువగా వెలిగితే ఆ మీటరుపై మరేదో నడుచుచున్నదని గ్రహించాలి. అన్నీ ఆపినా వెలుగుతూనే ఉంటే వైరింగును పరీక్ష చేయించాలి.

కావున ఇల్లు కుదుర్చుకొనేటప్పుడు మూడు పనులు మరువరాదు: మీటరు విడిగా ఉన్నదా అని అడగడం, పాత బిల్లుల బకాయి లేదని చూచుకొనడం, దిగిన దినపు రీడింగును ఇరువురి సమక్షంలో వ్రాసుకొనడం. యజమానికి, అద్దెదారుకు నడుమ మాట చెడేది పెక్కుసార్లు డబ్బు వల్ల కాదు, లెక్క తెలియకపోవడం వల్ల. ముందు కట్టిన లెక్క డబ్బునే గాక ఇరుగుపొరుగు స్నేహాన్ని కూడ నిలుపుతుంది.