కారణమా, నెపమా? కారు బీమా తిరస్కరణ ఉత్తరాన్ని చదవడం ఎలా

"వాహనం మెయింటెనెన్స్ సరిగా లేదు, కాబట్టి క్లెయిమ్ ఇవ్వలేము." బీమా కంపెనీ నుంచి ఇలాంటి ఉత్తరం రాగానే చాలామంది దాన్ని మడిచి బీరువాలో పెట్టేస్తారు. తప్పు మనదే అనుకుంటారు. తెలుగులో కారణం, నెపం అని రెండు మాటలున్నాయి కదా. నష్టాన్ని నిజంగా కలిగించింది కారణం. ఇవ్వకుండా తప్పించుకోవడానికి పైకి చెప్పేది నెపం. ఉత్తరంలో ఉన్నది ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడమే ఈ పాఠం.

మా వైపు ఇది తెలిసి ఉండాల్సిన విషయం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ 2019 ఆగస్టు 8న బయటికొచ్చింది. అయినా హిందూపురం, ధర్మవరం వీధుల్లో కొత్త కార్లే ఉండవు. రెండు మూడు చేతులు మారిన పాత బండ్లూ ఉంటాయి. "సరిగా చూసుకోలేదు" అనే మాట పాత బండి మీద అనడం చాలా సులువు.

పాలసీలో అసలేముంది?

ముందుగా మీది ప్యాకేజీ పాలసీయా, థర్డ్ పార్టీ మాత్రమేనా చూసుకోండి. థర్డ్ పార్టీ పాలసీలో మన సొంత బండి డ్యామేజీకి డబ్బు రాదు. ప్యాకేజీ పాలసీలో మూడు చోట్లు చదవాలి.

ఒకటి, దేనికి ఇస్తారు: అగ్ని ప్రమాదం, దొంగతనం, వరద, బయటి నుంచి తగిలిన దెబ్బ వగైరా.

రెండు, దేనికి ఇవ్వరు: అరుగుదల, తరుగుదల, మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, పర్యవసానంగా వచ్చే నష్టం.

మూడు, మన బాధ్యత: బండిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్తలు తీసుకోవాలి, మంచి కండిషన్‌లో ఉంచాలి. ప్రమాదం తర్వాత రిపేరు చేయించకుండా నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం మనదే.

అరుగుదలకు, ప్రమాదానికి తేడా ధర్మవరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. పదేళ్ల పట్టుచీర మడతల దగ్గర దానంతటదే చీలితే అది అరుగుదల. అదే చీర మేకుకు తగులుకుని చిరిగితే అది ప్రమాదం. చీర పాతదే, ఒప్పుకుందాం. కానీ చించింది మేకు. కారు కూడా అంతే.

ఒక ఉదాహరణ

ధర్మవరంలో మా మామ చీరల వ్యాపారం చేస్తాడు. హిందూపురం నుంచి తిరిగొస్తుంటే పెనుకొండ దాటాక హైవే మీద పడి ఉన్న రాయి కారు అడుగున గట్టిగా తగిలింది. ఆయిల్ చాంబర్ పగిలి ఆయిలంతా కారిపోయింది, ఇంజన్ పట్టేసింది. కంపెనీ నుంచి వచ్చిన సమాధానం ఒకే లైను: మెయింటెనెన్స్ లోపం. మామ మాట మాత్రం ఇది: "ఆయిల్ ఎప్పుడు మార్చినావని అడుగుతాండారు గానీ, చాంబర్ ఎట్ల పగిలిందని ఎవురూ అడగలే."

మా సీఎస్ఈ వాళ్లకు ఇది డీబగ్గింగ్ లాంటిదే. ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో చూస్తే సరిపోదు, ఏ లైను నుంచి తప్పు మొదలైందో వెనక్కి వెళ్లి చూడాలి. ఇక్కడ వరుస ఇది: రాయి తగిలింది, చాంబర్ పగిలింది, ఆయిల్ పోయింది, ఇంజన్ పట్టేసింది. మొదటి రెండూ బయటి దెబ్బే, అందులో పేచీ లేదు. అసలు వాదన ఇంజన్ దగ్గరే. ఆయిల్ లైటు వెలిగాక కూడా బండిని నడిపాడా? నడిపి ఉంటే పెరిగిన నష్టం అతనిదే అని కంపెనీ అనగలదు. వెంటనే ఆపి ఉంటే ఆ మాట నిలబడదు. కాబట్టి ఆయిల్ బిల్లు ఎంత ముఖ్యమో, బండిని లాగించిన రసీదు మీదున్న టైమూ అంతే ముఖ్యం.

ఒకటి గమనించండి. "అన్నీ ఇవ్వాల్సిందే" అని మొండికేయడం కంటే, ఏ భాగం ప్రమాదం వల్ల పోయిందో, ఏది పాత అరుగుదలో విడదీసి చూపిస్తే మన మాటకు బలం ఎక్కువ.

కోర్టులు ఏమన్నాయి?

మినహాయింపు కింద క్లెయిమ్ కొట్టేస్తే, అది వర్తిస్తుందని నిరూపించాల్సింది కంపెనీయే. నగల వ్యాపారి ఈశర్ దాస్ మదన్ లాల్ కేసులో 2007లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. సర్వేయర్ రిపోర్టే ఆఖరి మాట కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది. తిరస్కరణ ఉత్తరంలో లేని కొత్త కారణాన్ని కంపెనీ తర్వాత ఎత్తుకోకూడదని 2016లో గలాడా పవర్ కేసులో చెప్పింది. అందుకే ఆ ఉత్తరాన్ని పారేయకండి. కంపెనీ ఏ మాట మీద నిలబడాలో అందులోనే ఉంటుంది.

ఏం చేయాలి?

1. ఏ షరతు ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. సర్వే రిపోర్టు కాపీ అడగండి. ఫోన్లో విన్నది సాక్ష్యం కాదు.

2. ఆధారాలు పోగు చేయండి. సర్వీసు బిల్లులు లేకపోతే షెడ్డుకు ఫోన్‌పే చేసిన వివరాలు తీయండి. పగిలిన భాగాన్ని పాత ఇనుముకు వేయకండి. కారు కంప్యూటర్లో ఫాల్ట్ కోడ్లు ఉంటే, చెరిపేయకముందే ప్రింటు తీయించండి. నష్టం ఎలా జరిగిందో మెకానిక్ చేత రాయించి సంతకం పెట్టించుకోండి.

3. కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఉత్తరం రాయండి. ఇలా సూటిగా ఉంటే చాలు: "నష్టం ఫలానా తేదీన బయటి వస్తువు తగలడం వల్ల మొదలైంది. మెయింటెనెన్స్ లోపం ఏమిటో, దానివల్ల ఈ నష్టం ఎలా జరిగిందో ఆధారంతో తెలపండి."

4. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో గానీ, 155255 నంబరుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు.

5. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

6. మరో దారి వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, గడువు 2 ఏళ్లు. అయితే అక్కడ కేసు నడుస్తుండగా అదే విషయం మీద అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికి లేదు. కాబట్టి ఏది ముందో ఆలోచించి వేయండి.

మామ ఫిర్యాదు ఇది రాసే నాటికి అంబుడ్స్‌మన్ దగ్గర ఉంది. ఏమవుతుందో చెప్పలేను. కానీ ఇప్పుడు కంపెనీని అడుగుతున్నది జాలి కాదు, జవాబు.

మీ ఇంట్లో ఇలాంటి ఉత్తరం ఏదైనా బీరువాలో పడి ఉంటే ఈ సెలవుల్లో బయటికి తీయండి. ముందు దాని మీద తేదీ చూడండి. గడువు ఇంకా ఉంటే, అందులో చెప్పింది కారణమో నెపమో కూర్చుని చదవండి. ఇంగ్లీషు అమ్మానాన్నలకు కష్టమైతే చదివి చెప్పడానికి మనం ఉన్నాం కదా.