దొరల ఇంటిపేర్లు – మన ఇంటిపేర్లు

ఈసారి ఇంటిపేర్ల గురించి రాస్తున్నాను. ఇంటిపేరు అనగా ఒక ఇంటివాళ్ళందరికీ తరతరాలుగా వచ్చే పేరు. ఇది మనకే కాదు, ఇంగ్లీషు వాళ్ళకీ ఉన్నది. మనకి ముందు వస్తుంది, వాళ్ళకి చివర వస్తుంది.

దామనపల్లి ఘాటీ

అల్లూరి సీతారామరాజు గారి కథ మనందరికీ తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకున్నారు. వారిని పట్టుకోవడానికి పోలీసు దళాలు కొండెక్కాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో రాజుగారి దళం కాపు కాసింది. ముందు నడిచే మన దేశపు పోలీసులను పోనిచ్చి, వెనక వచ్చే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. వాళ్ళ పేర్లు స్కాట్ కవర్డ్, హైటర్. వాళ్ళ సమాధులు మన మాకవరపాలేనికి దగ్గరలోని నర్సీపట్నంలో ఉన్నాయి.

కవర్డ్ అంటే ఏమిటి?

ఇంగ్లీషులో పిరికివాడు అనే మాటకి కూడా ఇవే అక్షరాలు. అందుకని ఆ పేరు వినగానే క్లాసులో అందరూ నవ్వుతారు. కానీ ఆ రెండు మాటలూ వేరు. పిరికివాడు అనే మాట ఫ్రెంచి భాష నుండి వచ్చినది. అందులో తోక అనే మాట ఉన్నది. కుక్క తోక ముడిచి పారిపోతుంది కదా, అలాగన్నమాట. ఇంటిపేరు మాత్రం పాత ఇంగ్లీషు మాట. 'కౌ' అంటే ఆవు, 'హెర్డ్' అంటే కాసేవాడు. రెండూ కలిసి అరిగిపోయి కవర్డ్ అయింది. అనగా ఆవుల కాపరి. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి, కాల్వర్ట్ అంటే దూడల కాపరి. ఇవి కూడా ఇంటిపేర్లే.

హైటర్ అంటే ఎత్తు మీద, కొండపైన ఉండేవాడు. చూశారా! ఆవుల కాపరి, కొండవాడు అనే పేర్లున్న ఇద్దరు, ఆవులు కాసుకునే కొండవాళ్ళ మీదకి తుపాకులతో వచ్చారు. తమ పేర్లకి ఉన్న అర్థం వాళ్ళకి పనికి రాలేదు.

ఎలా పుట్టాయి, ఎలా పాకాయి?

పూర్వం ఇంగ్లండులో మామూలు జనానికి ఒక్క పేరే ఉండేది. 1066లో నార్మన్లు ఆ దేశాన్ని గెలిచిన తర్వాత మెల్లమెల్లగా ఇంటిపేర్లు వచ్చాయి. ఊరిలో నలుగురు జాన్‌లు ఉంటే పన్ను లెక్కల్లో ఏ జాన్ అని రాయాలి? అందుకని పనిని బట్టి, ఊరిని బట్టి, తండ్రిని బట్టి, రంగును బట్టి రాశారు. స్మిత్ అంటే కమ్మరి. జాన్సన్ అంటే జాన్ కొడుకు. తెలుగు నిఘంటువు చేసిన బ్రౌన్ దొర ఇంటిపేరు గోధుమ రంగు. సుమారు 1400 నాటికి చాలామందికి తండ్రి పేరే కొడుక్కి కూడా వచ్చేసేది. కొడుకు ఆవులు కాయకపోయినా కవర్డ్‌యే.

తర్వాత ఓడలెక్కి అమెరికా, ఆస్ట్రేలియా, మన దేశం వెళ్ళారు. పేర్లు కూడా వెళ్ళాయి. ఉదాహరణకు రూథర్‌ఫర్డ్ అనేది స్కాట్లాండులో ఒక ఊరి పేరు. 'ఫర్డ్' అంటే ఏరు దాటే రేవు. 1924లో మన్యం తిరుగుబాటును అణచడానికి వచ్చిన అధికారి పేరు రూథర్‌ఫర్డ్. మన సైన్సు పుస్తకంలో పరమాణు కేంద్రకం కనిపెట్టిన శాస్త్రవేత్త కూడా రూథర్‌ఫర్డ్. ఆయన 1871లో న్యూజిలాండులో పుట్టారు. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు, చేసిన పనులు వేరు.

మన పేర్లు

మన పేర్లకీ అర్థాలు ఉన్నాయి. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతాల అంటే పాము, గొల్లోరి అంటే కోతి అని పెద్దవాళ్ళు చెప్తారు. ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. పెళ్ళి చేసుకోకూడదు. రాజుగారితో కలిసి పోరాడిన గంటందొర, మల్లుదొర అన్నదమ్ముల ఇంటిపేరు గాం. మల్లుదొర గారు 1952లో పార్లమెంటుకి గెలిచారు.

అయితే కాగితాల్లో మన పేర్లు పాడైపోతున్నాయి. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. మా నాన్న వేలిముద్ర వేస్తాడు. రాసినవాళ్ళు ఏది రాస్తే అదే ఆయన పేరు. ఒక కాగితంలో కొర్రాకి ఒక 'ఆర్', ఇంకోదానిలో రెండు, మూడోదానిలో ఇంటిపేరే లేదు. నా కుల ధ్రువపత్రం కోసం మూడుసార్లు కొండ దిగాడు. మూడు రోజుల కూలి పోయింది. కొందరికి 'కె.' అని ఒక్క అక్షరమే రాస్తారు. కె. అంటే కొర్రానా, కిల్లోనా, కిముడునా? సూర్యుడూ పులీ ఒకటైపోతే ఎలాగ?

కాబట్టి మిత్రులారా, పదో తరగతి దరఖాస్తులు రాకముందే హాజరు పట్టీలో మీ పేరు చూసుకోండి. ఇంటిపేరు పూర్తిగా, అన్ని కాగితాల్లో ఒకేలాగ ఉండాలి. తప్పుంటే ఇప్పుడే వార్డెన్ మేడమ్ గారికి చెప్పండి. పదో తరగతి సర్టిఫికెట్టు వచ్చాక మార్చడం చాలా కష్టము. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ ఇంటిపేరుకి అర్థం ఏమిటో అవ్వనీ తాతనీ అడిగి రండి. కింద ఖాళీ కాగితం అంటించాను. అందులో రాయండి.