పంచాయతీ టెలివిజనులో బొమ్మ చెడినచో

పెద్ద వీపు గల పాత రంగుల టెలివిజను సెట్టు ఒకటి పంచాయతీ కార్యాలయపు మూలలో గుడ్డ కప్పుకొని యుండుట మనలో పలువురు చూచియుందురు. సమావేశమున దాని ప్రస్తావన వచ్చినపుడు “పిక్చరు ట్యూబు పోయినదట” అని ఒకరందురు. “అయినచో వేలము వేయుదము” అని మరియొకరందురు. బొమ్మ ఏ విధముగా చెడినదని మాత్రము ఎవరును అడుగరు. గ్రామము సొమ్ముతో కొన్న వస్తువును లెక్కలనుండి తీసివేయుటకు పూర్వము ఆ ఒక్క ప్రశ్న అడిగి తీరవలెను. ఏలయన టెలివిజను తన రోగమును తెరమీదనే చూపును, చదువుకొనుట తెలియవలెను.

గ్రామస్థులందరు ఒకచోట కూడి టెలివిజను చూచుట మన దేశమున పెద్ద ఎత్తున 1975 ఆగస్టు 1వ తేదీన ఆరంభమైనది. “సైట్” అను ఆ ప్రయోగము ఒక సంవత్సరము సాగినది. ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము పంపిన కార్యక్రమములను ఆంధ్రప్రదేశ్ మొదలగు ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములవారు కోళ్లదడికి వాడు తీగవలతో చేసిన ఏంటెనాల సాయమున చూచిరి. అవి నలుపు తెలుపు సెట్లు. అదే నెల 15న మద్రాసు దూరదర్శన్ కేంద్రము వెలసినది. రంగుల ప్రసారములు 1982లో వచ్చినవి. తడ మద్రాసునకు ఉత్తరమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. టెలివిజను తరంగములు దాదాపు సూటిగా పోవును గనుక అంత దూరమునకు ఎత్తైన ఏంటెనా అవసరమైనది. బొమ్మపై మంచు రాలినట్లు చుక్కలు పడినచో మిద్దెనెక్కి ఏంటెనాను త్రిప్పుటయే ఆనాటి వైద్యము.

ఆ వైద్యము నేడు పనికిరాదు. స్తంభములనుండి సాగిన ఆ పాత తరహా ప్రసారములను ప్రసార భారతి కొన్ని ముఖ్యస్థానములలో తప్ప 2022 నాటికి నిలిపివేసినది. నేడు పాత సెట్టు పనిచేయవలెనన్న సెట్‌టాప్ బాక్సు కావలెను. 2004లో ఆరంభమైన దూరదర్శన్ ఉచిత డిష్ సేవకు నెలసరి చందా లేదు. సెట్టు వెనుక పసుపు, తెలుపు, ఎరుపు రంగుల రంధ్రములు లేనిచో, ఏంటెనా తీగ తగిలించు రంధ్రమునకే సంకేతము నీయగల బాక్సును అడిగి కొనవలెను.

ఇచ్చటనే మొదటి పరీక్ష యున్నది; దీనికి ఒక్క పైసా ఖర్చు కాదు. రిమోటుతో బాక్సుయొక్క మెనూను తెరపైకి తెప్పింపుడు. ఆ అక్షరములు బాక్సులోనే పుట్టును, ఆకాశమునుండి రావు. మెనూ స్పష్టముగా రంగులతో వచ్చి, కార్యక్రమము మాత్రము ముక్కలు ముక్కలై ఆగిపోవుచున్నచో సెట్టు నిర్దోషి. దోషము డిష్‌లోనో తీగలోనో యున్నదని తెలియవలెను. తడనుండి చూచినచో ఆ ఉపగ్రహము ఆగ్నేయ దిక్కున, నేలకు సుమారు 68 డిగ్రీల ఎత్తున నుండును, అనగా దాదాపు నడినెత్తికి చేరువ. కావున దూరపు చెట్లు అడ్డురావు. మిద్దెకు ఆనుకొని పైకి పెరిగిన కొబ్బరిమట్ట మాత్రము అడ్డగించును. పులికాటు గాలిలోని ఉప్పు తీగ కొనలను తినివేయును. కొనలో పచ్చని చిలుము కనబడినచో ఆ మేర కోసి, క్రొత్త కనెక్టరు బిగించి, నీరు చొరకుండ టేపు చుట్టవలెను.

మెనూ సైతము చెడుగా వచ్చినచో, పరీక్షకు మరియొక తీగ పెట్టి చూడుడు. అప్పటికిని మార్పు లేకున్న సెట్టువైపు తిరుగవచ్చును.

రంగు పోయి బొమ్మ నలుపు తెలుపులుగా వచ్చుట మిక్కిలి సాధారణమైన ఫిర్యాదు. మన దేశపు రంగుల విధానమును “పాల్” అందురు. బాక్సులోని అమరిక పొరపాటున “ఎన్.టి.ఎస్.సి.” అను విదేశ విధానమునకు మారినచో పాత సెట్టు ఆ రంగును గుర్తింపజాలదు, కొన్ని సెట్లలో బొమ్మ పైకి దొర్లును గూడ. పిల్లలు రిమోటు నొక్కిన మరునాడు “రంగుల భాగము కాలినది” అని బిల్లు వేసినచో ఈ సంగతి తలంచుకొనుడు. అమరికను పాల్‌కు మార్చినంతనే రంగు రాగలదు. సంకేతము బలహీనమైనను సెట్టు తనంతట తాను రంగును ఆపివేయును. మచ్చలుగా వచ్చు తప్పుడు రంగుకంటె నలుపు తెలుపు మేలని దాని నట్లు నిర్మించిరి.

తెర మూలలలో ఆకుపచ్చ, ఊదా మచ్చలు శాశ్వతముగా నిలిచియుండుట వేరు వ్యాధి. పిక్చరు ట్యూబులో ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగులకు మూడు ఎలక్ట్రాను ధారలు బయలుదేరును. తెరకు వెనుకనే లక్షలకొలది సూక్ష్మరంధ్రములు గల పలుచని ఉక్కురేకు ఉండును. ప్రతి ధారయు ఆ రంధ్రములగుండ పోయి తన రంగు చుక్కనే తాకవలెను. రేకునకు అయస్కాంతత్వము పట్టినచో ధారలు ప్రక్కకు వంగి పరుల చుక్కలపై పడును. సభకు తెచ్చిన మైకుసెట్టు లౌడుస్పీకరును టెలివిజను ప్రక్కన పెట్టుట ఇందుకు చాలును. బడినుండి కార్యాలయమునకు మార్చునపుడు సెట్టు ముఖము వేరొక దిక్కునకు తిరిగినను, భూమియొక్క అయస్కాంతబలము చేత కొంత మచ్చ రావచ్చును.

దీనికి మందు సెట్టులోనే కలదు. చల్లని సెట్టుకు కరెంటు ఇచ్చిన క్షణమున ట్యూబు చుట్టునున్న తీగచుట్టలో బలమైన విద్యుత్తు ఒక్కమారు పారి, క్రమముగా తగ్గి, అయస్కాంతత్వమును తుడిచివేయును. దానిని నడపు భాగము చల్లారిననే మరల పనిచేయును. కనుక స్పీకరును దూరము చేసి, సెట్టును గోడ స్విచ్చువద్ద ఆపి, అరగంట గడచిన పిదప మరల వేయవలెను. రిమోటుతో ఆపుట చాలదు. ఇట్లు నాలుగైదుసార్లు చేసినను మచ్చ మిగిలినచో మెకానిక్ వద్దనుండు తీగచుట్టతో రెండు నిమిషముల పని. దీనికి ట్యూబు మార్చవలెనన్నవాని మాట వినవలదు.

తెర నడుమ అడ్డముగా ఒకే వెలుగుగీత నిలిచినచో బొమ్మను పైకి క్రిందికి పరచు భాగము ఆగినదని అర్థము. వెంటనే సెట్టు ఆపుడు. ఆ గీత తెరను కాల్చి మచ్చ చేయును. ఇది తరచు చిన్న భాగముతోనో, విడిన టంకముతోనో బాగగు దోషము. బొమ్మ రెండు ప్రక్కల కుంచించుకొనినచో ముందుగా కరెంటు వోల్టేజి చూడుడు. సాయంకాలము మాత్రమే కుంచించుచున్నచో అనుమానము లైను మీదికే పోవలెను. తెరయంతయు ఒకే రంగు పులుముకొనినచో మూడు ధారలలో ఒకటి తప్పినదనియో, అదుపు మీరినదనియో గ్రహింపవలెను.

నిజముగా ట్యూబు ముసలిదైన లక్షణము వేరు. సెట్టు వేసిన మొదటి నిమిషములలో బొమ్మ మసకగా, కాంతి పెంచినచో వెండిపూత వలె కనిపించి, పది పదిహేను నిమిషములకు కొంత తేరుకొనును. ఇండ్లలోని టెలివిజనులకు క్రొత్త పిక్చరు ట్యూబులు చేయుట మన దేశమున నిలిచిపోయినది. కనుక అట్టి సెట్టుపై సొమ్ము పెట్టరాదు. “క్రొత్త ట్యూబు” అని బిల్లు వచ్చినచో అది ఎక్కడిదని అడుగుడు.

ఇంతవరకు చెప్పిన పరీక్షలలో వెనుక మూత విప్పవలసినది ఒక్కటియు లేదు. విప్పనేరాదు. రంగుల ట్యూబుపై 20 వేల వోల్టులకు మించిన విద్యుత్తు ఉండును. ప్లగ్గు తీసిన తరువాత గూడ అది ట్యూబులో నిలిచియుండగలదు. లోపలినుండి బుసబుస శబ్దమును, ఘాటైన వాసనయు వచ్చినచో ప్లగ్గు తీసి మెకానిక్‌ను పిలువవలెను. దుమ్మును ఉప్పు తేమయు చేరినచోట విద్యుత్తు దూకుచుండునపుడు అట్లు జరుగును. అతడు వచ్చులోపల ఒక కాగితముపై నాలుగు మాటలు వ్రాసియుంచుడు: మెనూ ఎట్లున్నది, దోషము వేసినపుడే యున్నదా లేక వేడెక్కిన పిదప వచ్చినదా, ఏ వేళ, ఏ రంగు. బాగుచేసిన పిదప మార్చిన పాత భాగమును అడిగి పుచ్చుకొనుడు.

పనికిరాదని తేలిన సెట్టును మాత్రము ఆరుబయట పడవేయవలదు. ట్యూబు లోపల గాలి లేదు; 20 అంగుళముల తెరమీదనే బయటి గాలి ఒత్తిడి ఒక టన్నునకు మించును. రాగితీగకై పిల్లలు రాయి విసరినచో గాజు పెంకులు నలుదిక్కుల చిమ్మును. ఆ గాజులో సీసమున్నది. చెరువుగట్టున పగిలిన పెంకులు నీటికి హాని. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ప్రకారము ఇట్టివాటి శుద్ధి నమోదైన సంస్థలే చేయవలెను. తీర్మానము వ్రాసి, సెట్టును అట్టి సంస్థకు చేరునట్లు అప్పగించి, రసీదును స్టాకు రిజిస్టరులో ఆ వస్తువు పేరు ప్రక్కన అతికింపవలెను.