దారిలోఁ గనఁబడిన ప్రతినిధితో నేమి మాటాడవలయును?

ఎన్నికలనాఁడు మన గడపకు వచ్చినవాఁడు పిమ్మట మనము కోరిన సమయమునఁ గనఁబడుట యరుదు. సంతలోనో, పెండ్లిపందిటిలోనో, రైలుస్టేషనులోనో, ధాన్యపు కాటా యొద్దనో హఠాత్తుగా నెదురుపడును. అప్పుడు పెక్కుమంది రైతులు నమస్కరించి, కుశలమడిగి, ఆయన వెడలిన పిదప “కాలువమాట చెప్పకపోతిమే” యని నొచ్చుకొందురు. అట్టి రెండు నిమిషములను వ్యర్థము కానీయక వినియోగించుకొను విధమును ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము.

1. సంకోచము విడువుఁడు.

1920లో మదరాసు శాసనమండలికి జరిగిన యెన్నికలలో ఆస్తి, పన్నుల యర్హత గల కొలఁదిమందికే వోటుండెను. 1951-52 నాఁటి మొదటి సాధారణ యెన్నికలలో 21 ఏండ్లు నిండినవారికెల్ల ఆ హక్కు గలిగెను. 1989 నుండి 18 ఏండ్లకే కలుగుచున్నది. కావున ప్రతినిధిని బలుకరించుట యాచన కాదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు సైకిలుపైఁ బార్లమెంటుకుఁ బోయెడివారు. ఇల్లెందునుండి ఐదు పర్యాయములు శాసనసభకు నెన్నికయైన గుమ్మడి నర్సయ్యగారు బస్సులలోఁ దిరిగెడివారు. అట్టివారిని బలుకరించుట సులభము. కారు దిగినవారిని బలుకరించుటకును మనకంతే హక్కు గలదు. మర్యాద మానరాదు, భయమును బూనరాదు. అయితే చావింటికి వచ్చినవానిని అర్జీలతో జుట్టుముట్టకుఁడు. ఎప్పుడు కలిసికొనవచ్చునో యడిగి యూరకుండుఁడు.

2. ఏ పని యెవరిదో తెలిసికొనుఁడు.

ఊరిలోని వీధులు, మురుగుకాలువలు, త్రాగునీరు పంచాయతీ పనులు. వానికి సర్పంచిని, వార్డు సభ్యుని అడుగుఁడు. వ్యవసాయము, నీటిపారుదల, భూమి, సంతలు, సహకార సంఘములు రాజ్యాంగము రాష్ట్రములకప్పగించిన విషయములు, వానికి శాసనసభ్యుఁడు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానములును, తెలంగాణ శాసనసభలో 119 స్థానములును గలవు. రైలుమార్గములు, జాతీయ రహదారులు, దిగుమతి సుంకములు, కనీస మద్దతు ధర కేంద్రప్రభుత్వమువి. వానికిఁ బార్లమెంటు సభ్యుఁడు. 1993లో నేర్పడిన నియోజకవర్గాభివృద్ధి పథకము క్రింద ఏఁటికి 5 కోట్ల రూపాయల పనులను సూచించు నధికారమును ఆయనకుఁ గలదు. వాని మంజూరు జిల్లా యధికారులది. ఒకరి పని వేఱొకరి నడిగినచో “అది నా చేతిలో లేదు” అను మాటయే దక్కును.

3. ఒక్క మాట, ఒక్క కాగితము.

వరి చిరుపొట్ట దశనుండి గింజ గట్టిపడువఱకు మడిలో రెండంగుళముల నీరుండవలయును. అప్పుడు బెట్ట తగిలినచో వెన్ను చిన్నదై తాలు మిక్కుటమగును. అట్టి వేళ శివారు భూములకు నీరు రాలేదనుకొందము. “మా యూరికి నీళ్లు లేవండీ, మీరే దిక్కు” అన్నచో ఆయన “చూచెదను” అని వెడలును. ఆ మాటలోఁ బట్టుకొనఁదగిన దేమియు లేదు. అట్లుగాక, “అయ్యా, మా పంటకాలువ మూఁడవ తూము షట్టరు విఱిగి పది దినములైనది. దిగువ 120 ఎకరముల వరి పొట్టమీఁద నున్నది. వారములో నీరు రాకున్నఁ బైరు దక్కదు. ఇంజనీరుగారి కిచ్చిన యర్జీ నకలిదిగో” అని చెప్పుఁడు. ఈ మాట అరనిమిషములో ముగియును. ఆయన అచ్చటనే ఫోనులో నధికారికిఁ జెప్పుటకు వీలగును.

ఊరిమాటకు ముందు ఇంటిమాట యెత్తకుఁడు. పదిమంది చూచుచుండఁగా ఒకఁడు తన కొడుకు బదిలీమాట యెత్తినచోఁ దక్కిన తొమ్మిదిమందియుఁ దమ తమ కోరికలతో ముందుకు వత్తురు. తూము మాత్రము విఱిగియే యుండును.

4. ఆయన చేయఁగల దానినే అడుగుఁడు.

శాసనసభ్యుఁడు షట్టరు తాళపుచెవి చేతఁబట్టుకొని తిరుగువాఁడు కాఁడు. ఆయన అధికారికి లేఖ వ్రాయఁగలఁడు. జిల్లా సమీక్షలోఁ బ్రస్తావింపఁగలఁడు. సభలో మంత్రిని బ్రశ్నింపఁగలఁడు. “మా కాలువ బాగుచేయింపుఁడు” అనుటకంటె “ఇంజనీరుగారికి ఈ వారములో లేఖ వ్రాయుఁడు, దాని నకలు మా సంఘమునకుఁ బంపుఁడు” అనుట మేలు. మొదటిదానికి గడువు లేదు. రెండవది జరిగినదో లేదో వారము తిరుగునప్పటికిఁ దెలియును.

5. పిమ్మట విడువకుఁడు.

ఆయన యేమనెనో, ఏ తేదీన ననెనో, ఎవరు వినిరో ఆనాఁడే వ్రాసికొనుఁడు. సంఘ సమావేశములోఁ జదివి వినిపింపుఁడు. పదునైదు దినములు గడచినను కదలిక లేనిచో ఇద్దఱు ముగ్గురు సభ్యులు కలిసి పోయి జ్ఞాపకము సేయుఁడు. కార్యాలయములో నర్జీ యెందున్నదో 2005 నాఁటి సమాచారహక్కు చట్టము ననుసరించి యడుగవచ్చును; 30 దినములలో జవాబు రావలయును. ఒంటరి రైతును మఱచుట సులభము. లెక్కతోను, కాగితముతోను మరల వచ్చు సంఘమును మఱచుట కష్టము.

రాబోవు సమావేశమునకుఁ బ్రతి సభ్యుఁడును తన యూరి యక్కఱ నొకదానిని, అది యెవరి పనియో, ఎన్ని యెకరములకు లేక ఎన్ని యిండ్లకు సంబంధించినదో నాలుగు పంక్తులలో వ్రాసి తేవలయును. వ్రాయరానివారికిఁ గార్యదర్శి వ్రాసిపెట్టును. అందు ముఖ్యమైన దాని నెంచి, నకళ్లు తీసి, సభ్యులందఱును జేబులో నుంచుకొందురుగాక. ప్రతినిధి యే మలుపునఁ గనఁబడునో యెవరికిని దెలియదు.