ఎన్ని బంతులు వేశాడో అడగండి

మీ పిల్లవాడు బంతి వేగంగా వేస్తాడని ఊళ్లో నలుగురూ అంటుంటే సంతోషించండి. మహానంది చుట్టుపక్కల పండగ టోర్నమెంట్లలో అలాంటి పిల్లలకే గిరాకీ. పొద్దున ఒక జట్టుకు, సాయంత్రం ఇంకో జట్టుకు వాళ్లే బౌలింగు. ఎన్ని వికెట్లు తీశాడని అందరూ అడుగుతారు. ఎన్ని బంతులు వేశాడని మీరు అడగండి.

ఈ లెక్క విలువ అమెరికా బేస్‌బాల్‌వాళ్లకు నష్టపోయాకే తెలిసింది. అక్కడ బంతి విసిరే పిచ్చర్‌కు బతుకంతా ఆ చెయ్యే. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కు ఎడమ మోచేతి లిగమెంట్ తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన కుడి ముంజేతి స్నాయువు తీసి అక్కడ అమర్చాడు. జాన్ 1976లో మళ్లీ బరిలోకి దిగి 1989 దాకా ఆడాడు. ఆపరేషన్ నాటికి ఆయనకు 31 ఏళ్లు. ఇప్పుడది హైస్కూలు పిల్లలకూ అవసరమవుతోంది! అందుకే 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్ వయసువారీగా హద్దులు సూచించింది. 11, 12 ఏళ్లవాళ్లు రోజుకు 85 బంతులు దాటకూడదు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. ఏడాదిలో నాలుగు నెలలు విసరడమే వద్దు.

క్రికెట్‌లో భారం ఎక్కువగా నడుం మీద పడుతుంది. ఎముకలు ఎదిగే వయసులో ఫాస్ట్ బౌలర్ల వెన్నుపూసకు సన్నటి పగులు రావడం అరుదేమీ కాదు. ‘నడుం పట్టేసింది నాన్నా’ అంటే ఏదో బామ్ రాసి మర్నాడు మ్యాచ్‌కు పంపకండి. బౌలింగు ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి.

ఆగితే వెనకబడతాడని మీ భయం. కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణిని చూడండి. ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగు పందేలు ఆడి, పదహారేళ్లప్పుడు క్రికెట్‌ను గట్టిగా పట్టుకుంది. 2025లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టుకు 14 వికెట్లు తీసింది. ఆమె స్పిన్నర్ కదా అంటారా? హైదరాబాదు ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్ ఫాస్ట్ బౌలరే. టెన్నిస్ బంతితో పెరిగి 21వ ఏట రంజీలో అడుగుపెట్టాడు.

టోర్నమెంటు పెట్టినవాళ్లు ఇంటికొచ్చి ‘అన్నా, ఈ ఒక్క మ్యాచ్‌కు పంపు’ అంటే, నిన్న వేసిన బంతుల లెక్క చెప్పి వద్దనండి. ఆ మాట పిల్లవాడు అనలేడు, జట్టులోంచి తీసేస్తారని భయం. మీరే అనాలి.