తినేదాన్ని లేపొద్దు

చిరంజీవి శ్రావణికి,


సంక్రాంతి సెలవులకు స్నేహితులతో నేలపట్టు పక్షుల చెరువు, పులికాట్ సరస్సు చూడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ఆ చెరువు గట్టున చాలాసార్లు తిరిగినవాణ్ణి గనక నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు నేలపట్టుకే వెళ్లండి. తెల్లారేసరికి దొరవారిసత్రం చేరుకోండి. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు కాపురాలు పెట్టి ఉంటాయి. వానలు బాగా కురిసి చెట్ల మొదళ్లు మునిగితేనే అవి గూళ్లు కడతాయి. ఆ నీళ్లే పిల్లలకు కాపలా. మేత కోసం మాత్రం పెద్ద పక్షులు పులికాట్ దాకా పోవాలి. తెచ్చిన చేపల కోసం పిల్ల, తల్లి ముక్కు కింది సంచిలోకి మెడదాకా తల దూరుస్తుంది. బైనాక్యులర్‌ మరిచిపోకు, అది చూసి తీరాలి.

పక్షుల రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలాలకు మంచి ఎరువు. 1976లో అభయారణ్యమని ప్రకటించక ముందు నుంచీ ఊరివాళ్లు ఆ పక్షుల్ని కాపాడుకుంటూ వచ్చారు.

తర్వాత సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పట్టండి. రెండు పక్కలా పులికాటే. లోతు లేని నీళ్లలో ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కు పెట్టి, బురదనీళ్లు వడగట్టుకుని సన్న పురుగులూ నాచూ తింటాయి. అలా కడుపు నిండాలంటే గంటలు పడుతుంది.

నీ వయసులో నేనక్కడ ఒక తప్పు చేశాను. ఫొటో కోసం గట్టిగా చప్పట్లు కొట్టాను. గుంపంతా లేచింది. రెక్కల్లోని ఎరుపూ నలుపూ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. ఫొటో బాగానే వచ్చింది. పక్షులు మాత్రం మళ్లీ అక్కడ వాలలేదు. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన, "తినేదాన్ని లేపితివే నాయనా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

అందుకే చెబుతున్నాను. డ్రోన్ తీసుకెళ్లొద్దు. పాటలు పెట్టొద్దు. నేలపట్టులో తల్లి బెదిరి గూడు వదిలిందంటే, కాకి గుడ్డెత్తుకుపోవడానికి క్షణం చాలు. పది చోట్లకు పరుగెత్తకుండా ఒక్కచోట గంటసేపు కదలకుండా కూర్చోండి.

వచ్చాక ఫొటోలు పంపకపోయినా ఫరవాలేదు. ఏ గూట్లో ఎన్ని పిల్లల్ని చూశావో, తల్లి ఎంతసేపటికి మేత తెచ్చిందో ఉత్తరం రాయి. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
నీ మామయ్య